కుట్టు వేసిన ఫ్రెంచి కారు

మా ఆవిడ నాలుగేళ్ళపాటు, వారానికొకసారి, గ్లాసుడు మంచినీళ్ళు తెచ్చి వాళ్ళ నాన్న పక్కన పెట్టేది. ఆయన వెళ్ళిపోయాక నిండుగా ఉన్న ఆ గ్లాసును అలాగే తీసుకెళ్ళి పెరట్లో కరివేపాకు మొక్కకి పోసేది. ఆ మొక్క ఇంటి చూరు దాటి పెరిగింది. వీధిలో వాళ్ళందరూ కరివేపాకు కోసం మా ఇంటికే వచ్చేవారు. "ఏటి ఎరువేస్తన్నారమ్మా దీనికి?" అని అడిగితే ఆవిడ నవ్వేసి ఊరుకునేది. నాకు మాత్రం ఆ మొక్కను చూస్తే ఒళ్ళు మండేది.

రాజాంలో మాది అద్దె ఇల్లు. ముందు వరండా, వెనక చిన్న పెరడు. నేను అక్కడి కాలేజీ ఒకదానిలో మెషిన్ డ్రాయింగు చెప్పేవాణ్ణి. మాది వరి పండించే కుటుంబం, వాళ్ళది సముద్రం మీద బతికే కుటుంబం. శ్రీకాకుళంలో చదువుకునే రోజుల్లో ఇద్దరం ఇష్టపడి, ఎవరికీ చెప్పకుండా రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాం. మావాళ్ళు ఆర్నెల్లు అరిచి అలిసిపోయి ఊరుకున్నారు. మావగారు అరవలేదు. ఒక్క మాటా అనలేదు. అరిచినవాళ్ళతో ఎలాగోలా వేగొచ్చు, కిమ్మనకుండా కూర్చున్న మనిషితో ఏం చేస్తాం?

ఆయన పడవలు కుట్టే మనిషి. మా వైపు పాతకాలం పడవలకి మేకు ఉండదు. పలకకీ పలకకీ అంచున కన్నాలు పెట్టి, మధ్యలో గడ్డి కూరి, కొబ్బరితాడుతో కుట్టేస్తారు. అల వచ్చి కొడితే పడవ కాస్త వంగి, మళ్ళీ సర్దుకుంటుంది. ఫైబర్ పడవలు వచ్చాక కుట్టుపడవ అడిగేవాడు లేకపోయాడు. అత్తగారు అంతకుముందే పోయారు. ఇక ఆయన ఎండుచేపల బుట్ట పట్టుకుని వారం వారం రాజాం సంతకి వచ్చేవారు. సంత అయ్యాక మా వరండా అంచున వచ్చి కూర్చునేవారు. కూతురి చేతిలో ఎండు నెత్తళ్ళ పొట్లం పెట్టి, తన సంచిలోంచి తన సీసా తీసి, తన నీళ్ళు తను తాగేవారు. గడప దాటి లోపలికి వచ్చింది లేదు. మా నీళ్ళు ముట్టింది లేదు. నన్ను చూస్తే లేచి నిలబడి "బాగున్నారా మేస్టారూ" అనేవారు. అల్లుణ్ణి పట్టుకుని మేస్టారూ అని, మీరు అని. ఆ మర్యాద చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలేది నాకు.

"ఆయన మనింట్లో ఒక్క గుక్క తాగితే సాలయ్యా నాకు," అనేది మా ఆవిడ. "ఇంకేటీ అడగను."

నాకు ముక్కు మీద కోపం. "తాగకపోతే మానేయమను! ఎన్నాళ్ళిలా దేవుడికి నైవేద్యం పెట్టినట్టు పెడతావు?" అని విసుక్కునేవాణ్ణి. ఆవిడ గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్ళేది.

ఇలా ఉండగా మా ఇంట్లోకి ఆ కారు వచ్చింది.

ఏదో పని మీద విశాఖపట్నం వెళ్ళాను. ఓడల్లోంచి దింపేసిన పాత సామాన్లు అమ్మే కొట్టు ఒకటి కనబడింది. దిక్సూచులు, గోడ గడియారాలు, పింగాణీ కప్పులు. వాటి కింద నలిగిపోయిన పెద్ద అట్టపెట్టె. దాని మీద ఒక కారు బొమ్మ. చూస్తూ నిలబడిపోయాను. ముందు వెడల్పుగా, వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతూ, వెనక చక్రాలు సగం రేకు చాటున దాక్కుని ఉన్న కారు. దాని వెనక తడిసిన రోడ్డు, చెట్ల వరస, సాయంత్రపు వెలుగు. ఎప్పుడో పాతకాలంలో ఫ్రాన్సు దేశంలో చేసిన కారట. అటువంటి కారుని నేను ఎన్నడూ చూడలేదు. అయినా ఎక్కడో చూసినట్టే ఉంది. బహుశా చిన్నప్పుడు, పాసింజరు బండిలో నౌపడ దాటేటప్పుడు, ఉప్పుమళ్ళలో నిలిచిన నీళ్ళకేసి చూస్తూ చూస్తూ కునుకు తీసినప్పుడు, ఇటువంటిదేదో ఆ నీళ్ళ మీద చప్పుడు చెయ్యకుండా పోతున్నట్టు అనిపించిందేమో. ఆ పెట్టె కొనేశాను.

ఇంటికొచ్చి విప్పితే తలప్రాణం తోకకొచ్చింది. మూడువందల పైచిలుకు ముక్కలు. అన్నీ సన్నటి ప్లాస్టిక్ చట్రాలకి అంటుకుని ఉన్నాయి. ఒక్కొక్కటీ కత్తిరించాలి, అంచు గీకాలి, వరస ప్రకారం అతికించాలి. ఆ వరస చెప్పే పుస్తకం ఫ్రెంచిలో ఉంది, అందులోనూ సగం పేజీలు పురుగు తినేసింది. ఏళ్ళ తరబడి ఏ ఓడ గదిలో ఉడికిందో, కారు ఒంటి భాగం కాస్త మెలి తిరిగిపోయింది. మెషిన్ డ్రాయింగు మేష్టర్ని, బొమ్మ చూస్తే చాలదా అని నా పొగరు. వరండాలో బల్ల వేసుకుని మొదలెట్టాను. లోపల అయితే రంగు వాసనకి తలనొప్పి అని మా ఆవిడ ఒప్పుకోలేదు.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ సగం నిద్రలో జరిగినట్టే ఉంటాయి. కాలేజీ నుంచి వచ్చి బల్ల ముందు కూర్చుంటే ఎండ వరండా మీదుగా పాకుతూ వచ్చి నా మోచేతి దగ్గర ఆగేది. చేతిలో గోరంత ముక్క. డోరుకి పిడి. పిడికి రాసిన జిగురు ఆరేదాకా వేలితో పట్టుకుని ఉండాలి. ఆ కాసేపట్లో నేను ఎక్కడెక్కడికో పోయేవాణ్ణి. ఆ పిడి పట్టుకుని డోరు తీసేవాణ్ణి. లోపల మెత్తటి సీట్లు, ఒకే ఒక్క కడ్డీ ఉన్న స్టీరింగు. నాగావళి వంతెన మీద నుంచి పోతున్నాను. కింద ఇసుక, పక్కన ఎవరో, మాట్లాడరు. "అన్నం సల్లారిపోతన్నాది!" అని లోపలి నుంచి కేక వినిపించేసరికి మళ్ళీ రాజాంలో ఉండేవాణ్ణి. కాలేజీలో పిల్లలు "మాస్టారికి ఏటో అయింది" అనుకునేవారట. అనుకోనీ.

ఒక సంత రోజున ఫోనులో ఒక వీడియో చూస్తున్నాను. అసలు కారు ఎలా ఉంటుందో చూద్దామని వెతికితే దొరికింది. ఆగి ఉన్నప్పుడు ఆ కారు నేలకి ఆనుకుని కూర్చుని ఉంటుంది. ఇంజను వేయగానే వెనక భాగం మెల్లగా పైకి లేస్తుంది, తర్వాత ముందు భాగం. స్ప్రింగులు కావు, లోపల నూనె, గాలి. మా ఇంట్లో నెట్టు నత్తనడక. కారు బెత్తెడు లేచి ఆగిపోయేది. తెర మీద చక్రం తిరిగేది. మళ్ళీ ఇంకొంచెం లేచేది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. వెనక ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. మావగారు. ఎప్పుడు లేచి వచ్చారో, నా భుజం మీద నుంచి చూస్తున్నారు.

"ఇదేటి మేస్టారూ," అన్నారు, "అలకి లేస్తన్నాది?"

నాలుగేళ్ళలో ఆయన నాతో కుశలప్రశ్న కాకుండా మాట్లాడిన మొదటి మాట అది. నేను వీడియో మొదటికి తెచ్చి మళ్ళీ చూపించాను. ఆయన బల్ల మీది ఒంటి భాగాన్ని తీసుకుని, బోర్లించి, లోపల వేళ్ళు పెట్టి తడిమారు. "కారని ఎవుడన్నాడు దీన్ని? పడవే ఇది," అని పెట్టేసి, తన సీసా తీసుకుని బస్సుకి వెళ్ళిపోయారు. గ్లాసు నిండుగానే ఉంది. మా ఆవిడ దాన్ని పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడింది.

ఆ తర్వాతి వారం నా కోపం నా పని పట్టింది. మెలి తిరిగిన ఒంటి భాగం కింది చట్రం మీద కూర్చోవడం లేదు. ఒక మూల నొక్కితే ఇంకో మూల లేస్తుంది. "కూర్చోవే, నీ అమ్మ కడుపు మాడ!" అని రెండు చేతులతో గట్టిగా అదిమాను. టప్ మంది. వెనక అద్దం పక్క నుంచి కింది అంచుదాకా నిలువునా చీలిపోయింది. జిగురు పెట్టాను, ఊడింది. ఇంకో జిగురు తెచ్చి తాళ్ళు కట్టి రాత్రంతా ఉంచాను, పొద్దున్న కట్టు విప్పగానే మళ్ళీ నోరు తెరిచింది. అసలే మెలి తిరిగింది కదా, దాని లాగుడు దానిదే. సంత రోజు వచ్చేసరికి మూడోసారి అతికిస్తున్నాను, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ.

మావగారు వరండా అంచున కూర్చుని కాసేపు చూశారు. చేయి తిరిగిన పనివాడికి చెడ్డపని చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు ఆయన ముఖంలో చూశాను. ఇక ఉండబట్టలేక లేచారు.

"బిగించీకండి మేస్టారూ. బిగిస్తే ఇరిగిపోద్ది. కుడితే ఒంగుతాది."

"ప్లాస్టిక్‌ని కుడతారేంటండీ?"

ఆయన కూతురికేసి తిరిగి, "ఒసే, సూదుందేటే? సన్నపుది. దీపానికేసే ఒత్తి కూడా తే," అన్నారు.

మా ఆవిడ పరుగున లోపలికి వెళ్ళింది. లోపల ఏదో గిన్నె కిందపడ్డ చప్పుడు వినబడింది. ఆయన మా ఇంట్లోంచి ఒక వస్తువు అడిగారు. సూది, ఒత్తి. చిన్నవే. అయినా అడిగారు.

సూదిని దీపం మీద ఎర్రగా కాల్చి, చీలికకి అటూ ఇటూ కన్నాలు పెట్టారు. తన సంచిలో వల బాగుచేసే నైలాను దారం ఉంది, దాన్ని విడదీసి ఒక పోగు తీశారు. పడవలో గడ్డి కూరినట్టే చీలిక లోపలి వైపున దూది ఒత్తి పరిచి, దాని మీదుగా కుడుతూ పోయారు. ఒక్కో కుట్టూ లాగి, బొటనవేలితో నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. దేనికోసం వినేవారో నాకు ఇప్పటికీ తెలియదు. అయిపోయాక చీలిక వెంట్రుకంత సన్నగా మిగిలింది. చట్రం మీద పెట్టాను. ఇంత యుద్ధం చేసిన ఒళ్ళు కాస్త వంగి, సర్దుకుని, నాలుగు మూలలా కూర్చుంది.

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. నిజంగానే. కారు కోసమో, దేనికోసమో.

ఆ తర్వాత ఆయన సంత లేని రోజుల్లో కూడా రావడం మొదలెట్టారు. వానాకాలం పట్టింది. జల్లు వరండాలోకి కొడుతుంటే బల్లను లోపలి గదిలోకి జరిపాం. ఆయన గడప దగ్గర నిలబడ్డారు. నేను చక్రానికి టైరు ఎక్కిస్తున్నట్టు నటిస్తూ తల ఎత్తలేదు. మా ఆవిడ వంటగదిలోంచి రాలేదు. కాసేపటికి ఆయన తడికాళ్ళు నా బల్ల పక్కన కనబడ్డాయి. సీసా మాత్రం ఆయన ఒళ్ళోనే ఉంది.

ఎన్ని మధ్యాహ్నాలు అలా గడిచాయో! బయట వాన, లోపల జిగురు వాసన, ఎండుచేపల వాసన. ఆయన తెరచాప దించి నిద్రపోయిన రోజుల గురించి చెప్పేవారు, పడవ దానంతటదే ఎటో పోతుంటే ఒడ్డు ఎక్కడుందో తెలియక పడుకుని మబ్బులు చూసిన రోజుల గురించి. నేను ఉప్పుమళ్ళ మీద పోయే కారు గురించి చెప్పేవాణ్ణి. పెళ్ళాంతో కూడా చెప్పని సంగతి ఆయనతో చెప్పాను. ఆయన నవ్వలేదు. "నౌపడ దగ్గర నీళ్ళు బెత్తెడే ఉంటాయి మేస్టారూ. ఇది పోగలదు," అన్నారు. ఇద్దరం మాట్లాడటం మానేసి ఆ కారు ఆ నీళ్ళ మీద పోతుంటే చూస్తూ కూర్చున్నాం.

ఆ కిట్టులో కారుని కూర్చున్నట్టయినా పెట్టొచ్చు, లేచినట్టయినా పెట్టొచ్చు. "లేసినట్టే పెట్టండి. కూకున్న పడవని సూడలేం," అన్నారు. అలాగే పెట్టాం. చీలిక మీద పూత నింపి, గరుకు నీటికాగితంతో రుద్ది, పైకప్పు మినహా ఒళ్ళంతా మీగడరంగు వేశాను. నాలుగు పూతలు. దుమ్ము పడకుండా దాన్ని దోమతెరలో పెట్టి ఆరబెట్టాం. మేమేమో దోమల్లో పడుకున్నాం. ఆఖరి పూత ఆరాక దోమతెర ఎత్తితే ఎంత బాగుందో నేను చెప్పలేను. పొద్దుటి వెలుగులో అది మెల్లగా ఊపిరి తీస్తోందనిపించింది. ఇంక ముందు అద్దం, దీపాలు పెట్టడమే మిగిలింది. మావగారు చూసి తల ఊపారు. "ఇంకొక్క పనుంది," అన్నారు. అద్దం సంగతేమో అనుకున్నాను.

ఆ మర్నాడు నాకు పరీక్షల డ్యూటీ. సాయంత్రం ఇంటికొస్తుంటే వీధి మలుపులోనే ఘాటైన వాసన ముక్కుకి తగిలింది. మెట్టెక్కి చూస్తే, వానలు తగ్గాక మళ్ళీ వరండాలోకి జరిపిన బల్ల మీద నా మీగడరంగు కారు లేదు. దాని స్థానంలో బెల్లం పాకంలో ముంచి తీసినట్టు నల్లగా, జిడ్డుగా ఇంకో కారు ఉంది. రంగు ముడతలు పడి పొట్టులా లేచింది. పక్కన ఒక రేకు డబ్బా, గుడ్డపీలిక. మావగారు బల్ల ముందు కూర్చుని, నన్ను చూడగానే ముఖమంతా వెలిగిపోతూ లేచారు.

"అయిపోనాది మేస్టారూ! జీడినూనె. పలాస నుంచి తెప్పించినాను. ఇంక దీనికి ఎండన్నా వానన్నా బయ్యం లేదు."

జీడితొక్కల నుంచి తీసే నూనె అది. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. మా వైపు చెక్కపడవలకి కొత్తలోనే దాన్ని పట్టిస్తారు, చెక్క కుళ్ళకుండా. అది ఆయన చేసే ఆఖరి పని, అది చేస్తేనే పడవ పూర్తయినట్టు. ఇదంతా నాకు తెలుసు. ఆ క్షణంలో తెలిసి ఏం లాభం? నా కాలేజీ భాష ఊడిపోయి మా ఊరి భాష వచ్చేసింది.

"ఏటి సేసీసినారు! బుద్ధుందేటి మీకు? నన్నడగక్కర్లేదా? నా కారుని నాశనం సేసీసినారు!"

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ ముఖం చూశాను. నా నోట్లోంచి వస్తున్న ప్రతి మాటా ఆవిడ పెట్టిన గ్లాసుల్ని ఒక్కొక్కటే తన్నేస్తోందని తెలుస్తూనే ఉంది. అయినా నోరు ఆగలేదు. "కారుకి నూనె రాస్తారేటి ఎవరైనా? ఇది పడవ కాదు!" అని అరిచాను.

ఆయన ముఖంలో వెలుగు ఆరిపోయింది. సంచి కేసి చెయ్యి చాచారు. అయిపోయింది, ఇంక ఈ మనిషి ఈ గడప తొక్కడు అనుకున్నాను. చెయ్యి మధ్యలోనే ఆగింది. ఆయన నాకేసి తిరిగారు.

"ఒరే!" అన్నారు.

మేస్టారూ కాదు, మీరు కాదు. ఒరే.

"ఒరే, పడవ కాదంటే నాసేత ఎందుకు కుట్టించినావురా? నలభై ఏళ్ళు కుట్టినాను. నూనె రాయకుండా ఒక్కదాన్ని నీట్లోకి దింపలేదు. నీది మాత్రం ఎండకి పగిలిపోవాలేటి? నన్నడగక్కర్లేదా అంటన్నావు. నా పిల్లని తీసుకుపోయినప్పుడు నువ్వు నన్నడిగినావేటిరా? అప్పుడు నానరిసినానేటి? ఒక్క కారుకే ఇంతరుస్తన్నావే! నానెంత అరవాల?"

వీధిలో ఎవరో ఆగి చూస్తున్నారు.

"అడిగితే ఇచ్చేవారా?" అన్నాను.

"ఇచ్చీవోణ్ణి కాదు!" అన్నారు. "అయినా అడగాల్సిందిరా అల్లుడా. వచ్చి ఒక్కపాలి అడగాల్సింది."

"అడగాల్సింది మావా," అన్నాను. "తప్పయిపోయింది."

ఇంకా ఏదో అనబోయి ఆయనకి దగ్గు తెర వచ్చింది. ఆగకుండా దగ్గుతూ, కళ్ళ నీళ్ళు కారుతుండగా, చెయ్యి పక్కకి చాచి, చూడకుండానే చేతికి దొరికింది అందుకుని ఎత్తి గటగటా తాగేశారు. మా ఆవిడ ఎప్పటిలా తెచ్చి పెట్టిన గ్లాసు అది. గుమ్మంలో మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన గ్లాసు దించి, ఖాళీ అడుగు కేసి కాసేపు చూశారు. ఏం చేశారో అప్పుడు తెలిసింది ఆయనకి. మా ఇద్దర్నీ చూడకుండా, బల్ల మీద నల్లగా మెరుస్తున్న కారుకేసి చూస్తూ గ్లాసు కూతురి వైపు చాచారు.

"మీ రాజాం నీళ్ళు మరీ సప్పగున్నాయే," అన్నారు. "ఇంకో గలాసు తే."

ఆ కారు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ముందు అద్దం పెట్టనేలేదు. వేసవి వస్తే ముట్టుకున్న వేలికి అంటుకుంటుంది. ఆ సాయంత్రం మాత్రం మావగారు మూడు గ్లాసులు తాగారు, కరివేపాకు మొక్కకి నీళ్ళు పొయ్యాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.